‘గాట్’, ‘టోల్డ్’, ‘పుట్’ల స్థానంలో ఏం రాయాలి: ఆఫీసు ఇంగ్లీషుకు సరైన మాటలు కూర్చుకునే పద్ధతి

మీరు రాసిన మెయిల్‌ను మీ మేనేజరు తిరగరాసి క్లయింటుకు పంపిన రోజు ఒకటి మీకూ ఎదురయ్యే ఉంటుంది. వ్యాకరణంలో తప్పు లేదు, విషయంలోనూ తప్పు లేదు. అయినా ఆయన నాలుగు క్రియలు మార్చి, రెండు వాక్యాలను ఒకటిగా కలిపి పంపారు. అది చదివాక, ‘నేను చెప్పదలచుకున్నదీ ఇదే కదా, మరి నా చేతి నుంచి ఎందుకు రాలేదు’ అని మనసు చివుక్కుమంటుంది. వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో పనిచేస్తూ, మారతహళ్ళి పీజీల్లో ఉంటూ, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకొని వచ్చిన ఎందరో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ నన్ను ఈ మాటే అడిగారు. పదిహేనేళ్ళ క్రితం అనంతపురం నుంచి బెంగళూరుకు వచ్చిన కొత్తలో నన్నూ ఇదే వేధించేది.

దీనికి చాలామంది వెతికే మందు పదాల పట్టిక. ‘హెల్ప్’కు బదులు ‘అసిస్ట్’, ‘యూజ్’కు బదులు ‘యుటిలైజ్’, ‘స్టార్ట్’కు బదులు ‘కమెన్స్’ అంటూ సాగే అలాంటి పట్టికలను కంఠస్థం చేస్తే మెయిల్ బరువెక్కుతుంది గాని బాగుపడదు. నేను ఇక్కడ చెప్పే పద్ధతి వేరు. మీరు రోజూ వాడే మసక మాటను ముందు పట్టుకోవాలి; దాని వెనుక మీ మనసులో ఉన్న తెలుగు అర్థాన్ని విప్పి చూసుకోవాలి; ఆ తర్వాత ఆ అర్థానికి ఇంగ్లీషువాళ్ళు వాడే కచ్చితమైన మాటను తెచ్చి పెట్టాలి. ఆ మాట పెద్దదా చిన్నదా అన్నది తర్వాతి సంగతి.

మొదటి పని: మీ మెయిళ్ళను మీరే చదవండి

ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు తీరిక చేసుకొని, మీరు పంపిన మెయిళ్ళ ఫోల్డరు తెరిచి, ‘గాట్’, ‘గెట్’, ‘టోల్డ్’, ‘పుట్’, ‘సీ’, ‘డూ’, ‘కేమ్’, ‘థింగ్’, ‘ప్రాబ్లమ్’, ‘డౌట్’ అనే మాటలను ఒక్కొక్కటిగా వెతకండి. దొరికిన వాక్యాలలో ఓ ముప్ఫైని కాగితపు నోటుపుస్తకంలో రాసుకోండి. మాటను ఒక్కదాన్నే రాసుకుంటే ఉపయోగం లేదు, వాక్యం మొత్తం కావాలి. క్లయింటు పేర్లు, ప్రాజెక్టు పేర్లు, అంకెలు తీసేసి రాసుకోండి. కంపెనీ మెయిళ్ళను సొంత ఫోనులోకి పంపుకోవడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు.

ముప్ఫై వాక్యాలు రాసేసరికి మీకే ఒక సంగతి కనబడుతుంది. మనం తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాస్తాం, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. చిక్కల్లా, తెలుగులో కొన్ని క్రియలు చాలా దూరం విస్తరించి ఉండటం వల్ల వస్తుంది. ‘చెప్పు’ అనే ఒక్క క్రియనే తీసుకోండి. మేనేజరుకు చెప్పాను, టీముకు చెప్పాను, ఇలా చేస్తే బాగుంటుందని చెప్పాను, ఆలస్యం అవుతుందని ముందే చెప్పాను, వాళ్ళు సరేనని చెప్పారు: ఐదు చోట్లా ఒకే క్రియ. వినే తెలుగువారికి ఎక్కడా తేడా పడదు, ఎందుకంటే ఎవరు ఎవరికి చెప్పారన్న దాన్ని బట్టి, గొంతును బట్టి అర్థం దానంతట అదే తేలుతుంది. అదే ఇంగ్లీషులో రాసేటప్పుడు మేనేజరుకు ‘ఇన్ఫార్మ్’ చేస్తాం, మన కింద పనిచేసే టీముకు ‘ఇన్‌స్ట్రక్ట్’ చేస్తాం, తోటి టీమునైతే ‘రిక్వెస్ట్’ చేస్తాం, మంచి మార్గమని తోచినదాన్ని ‘రికమెండ్’ చేస్తాం, రాబోయే ఆలస్యాన్ని ‘ఫ్లాగ్’ చేస్తాం, సరేనన్నవారు ‘కన్ఫర్మ్’ చేశారని రాస్తాం. అన్నింటికీ ‘టోల్డ్’ అని రాస్తే ఆ ఆరింటిలో ఏది జరిగిందో దూరాన ఉన్నవారికి తెలిసే దారి లేదు. పైగా ‘ఆయనకు చెప్పాను’లోని ‘కు’ మన చేత ‘టోల్డ్ టు హిమ్’ అనిపిస్తుంది. ‘టోల్డ్’కూ ఎవరికి చెప్పామో ఆ మనిషికీ మధ్య ‘టు’ రాకూడదు.

‘చూస్తాను’ కూడా ఇలాంటిదే, నా దృష్టిలో దీనితో వచ్చే నష్టం ఇంకా ఎక్కువ. ‘ఐ విల్ సీ’ అని రాస్తే అవతలివారికి అది దాటవేతలా వినిపిస్తుంది. మీరు ఒక పత్రం చదివి అభిప్రాయం చెప్పబోతుంటే ‘రివ్యూ’ అని రాయండి. అంకె సరిగా ఉందో లేదో పోల్చి చూడబోతుంటే ‘వెరిఫై’, తప్పు ఎక్కడ పుట్టిందో తవ్వి తీయబోతుంటే ‘ఇన్వెస్టిగేట్’, రెండు రోజులపాటు ఒక కన్ను వేసి ఉంచబోతుంటే ‘మానిటర్’ సరిపోతాయి. ఇందులో ప్రతి మాట ఒక పూచీ. ‘ఇన్వెస్టిగేట్’ చేస్తానన్నవారిని కారణం ఏమిటని అడుగుతారు, ‘మానిటర్’ చేస్తానన్నవారిని ఎప్పటిదాకా అని అడుగుతారు. కనుక మీరు చేయదలచుకున్న పనేమిటో ముందు మీలో మీకు తేలాలి. మాట దాని వెంట వస్తుంది.

‘పెట్టు’ సంగతి త్వరగా ముగించవచ్చు. మీటింగ్ పెట్టడం ‘షెడ్యూల్’, లీవు పెట్టడం ‘అప్లై ఫర్’, మెయిల్ పెట్టడం ‘సెండ్’, కోడ్ సర్వరులో పెట్టడం ‘డిప్లాయ్’. వీటిలో దేనికీ ‘పుట్’ అక్కరలేదు.

‘వచ్చింది’ దగ్గర మాత్రం కొంచెం నిలబడాలి. ‘ఎర్రర్ వచ్చింది’ అనే తెలుగు ‘ఎర్రర్ కేమ్’గా మారుతుంది, అక్కడ ‘వియ్ ఎన్‌కౌంటర్డ్ ఏన్ ఎర్రర్’ అనాలి. ‘అప్రూవల్ వచ్చింది’ అన్నప్పుడు మూడు దారులున్నాయి. దానంతట అది మన చేతికి అందితే ‘రిసీవ్డ్’, అడిగి, పత్రాలు సమర్పించి తెచ్చుకుంటే ‘అబ్టెయిన్డ్’, పోటీపడో ఒప్పించో గెలుచుకుంటే ‘సెక్యూర్డ్’. ‘గాట్’ ఈ మూడింటినీ మింగేస్తుంది, దానితో పాటు ఆ అప్రూవల్ కోసం మీరు పడిన శ్రమనూ మింగేస్తుంది.

రెండో పని: వాక్యం పక్కన తెలుగులో అర్థం రాసుకోండి

ఈ మెట్టును చాలామంది దాటేసి నేరుగా నిఘంటువు దగ్గరికి పోతారు. అలా వెళ్ళవద్దు. మొన్న నంద్యాల నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మా కేఫటేరియాలో ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, “అక్కా, ఇది పంపేముందు ఒకసారి చూడండి” అన్నాడు. తెర మీద ఇలా ఉంది: ‘డియర్ సర్, వియ్ గాట్ సమ్ ప్రాబ్లమ్ ఇన్ పేమెంట్. ఐ టోల్డ్ టు నెట్‌వర్క్ టీమ్. దే విల్ సీ అండ్ డూ. ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్ ఏ.ఎస్.ఏ.పి.’

నేను ఇంగ్లీషు జోలికి పోకుండా, “ఏమైందో తెలుగులో చెప్పు నాయనా” అన్నాను. అతను ఒక్క ఊపిరిలో చెప్పేశాడు: “పొద్దున తొమ్మిది నలభై నుంచి కార్డు పేమెంట్లు ఫెయిలవుతున్నాయక్కా, యూపీఐ బాగానే ఉంది. నెట్‌వర్క్ వాళ్ళకు టికెట్ వేశాను, వాళ్ళు కారణం వెతుకుతున్నారు. ఈలోగా సర్వరు రీస్టార్ట్ చేసుకోవడానికి సార్ పదకొండు లోపల ఒప్పుకోవాలి.” చూడండి, తెలుగులో ఎంత స్పష్టంగా ఉందో. సమయం, ఏది పనిచేయడం లేదు, ఏది పనిచేస్తోంది, ఎవరు ఏం చేస్తున్నారు, తనకేం కావాలి, అన్నీ అతని దగ్గర ఉన్నాయి. ఇంగ్లీషులోకి దిగేసరికి ఒక్కటీ మిగలలేదు.

ఆ తెలుగు మాటలనే వరుసగా పేర్చాం. ‘కార్డ్ పేమెంట్స్ హ్యావ్ బీన్ ఫెయిలింగ్ సిన్స్ 9:40 ఏ.ఎం.; యూపీఐ ఈజ్ నాట్ అఫెక్టెడ్. ఐ హ్యావ్ రెయిజ్డ్ ఎ టికెట్ విత్ ది నెట్‌వర్క్ టీమ్, హూ ఆర్ ఇన్వెస్టిగేటింగ్ ది కాజ్. కుడ్ యు ప్లీజ్ అప్రూవ్ ఎ సర్వర్ రీస్టార్ట్ బై 11 ఏ.ఎం.?’ ఇందులో ఆ కుర్రవాడికి తెలియని మాట ఒక్కటీ లేదు. ‘అఫెక్టెడ్’, ‘రెయిజ్డ్’, ‘ఇన్వెస్టిగేటింగ్’, ‘అప్రూవ్’ నాలుగూ వినివిని అతనికి అలవాటైనవే. కొత్త మాటలు నేర్చుకోవడానికి ముందు, తెలిసిన మాటలను చేతికి తెచ్చుకోవడమే సగం పని.

మూడో పని: మాట బరువు తూచండి

ఇంగ్లీషులో ఒకే పనికి రెండు మూడు మాటలు ఎందుకున్నాయో తెలిస్తే ఏది ఎక్కడ వాడాలో తేలిగ్గా పట్టుబడుతుంది. 1066లో నార్మండీ నుంచి వచ్చినవారు ఇంగ్లండును జయించాక, కొన్ని వందల ఏళ్ళు దర్బారులోనూ న్యాయస్థానంలోనూ ఫ్రెంచి, చర్చిలోనూ చదువులోనూ లాటిన్ నడిచాయి. ఇంట్లో, పొలంలో మాత్రం ఇంగ్లీషే నడిచింది. అందుకే ‘ఆస్క్’ అనే ఇంటి మాట పక్కన ఫ్రెంచి నుంచి వచ్చిన ‘క్వశ్చన్’, లాటిన్ నుంచి వచ్చిన ‘ఇంటరాగేట్’ చేరాయి. ‘బై’ పక్కన ‘పర్చేజ్’, ‘బిగిన్’ పక్కన ‘కమెన్స్’ చేరాయి.

ఇది మనకు కొత్త కాదు. మన భాషలో దేశ్యం పక్కన తత్సమం ఉన్నట్టే అక్కడా ఉంది. ఇంట్లో పెళ్ళి అంటాం, శుభలేఖలో వివాహ మహోత్సవం అని అచ్చువేయిస్తాం. అమ్మతో ఫోనులో ‘భోజనం స్వీకరించితివా’ అంటే ఆమె కంగారుపడుతుంది. శుభలేఖలో ‘మావాడి పెళ్ళి, వచ్చి తినిపోండి’ అని వేస్తే చుట్టాలు నొచ్చుకుంటారు. ‘కమెన్స్’, ‘పర్చేజ్’, ‘టర్మినేట్’ శుభలేఖ మాటలు. కాంట్రాక్టులో, పర్చేజ్ ఆర్డరులో, హెచ్.ఆర్. పత్రంలో వాటి స్థానం వాటికుంది. పక్క సీటులో ఉన్నవారికి చాట్‌లో ‘షల్ వియ్ కమెన్స్ లంచ్’ అని రాస్తే అది అమ్మతో గ్రాంథికం మాట్లాడటమే.

ఇంకొక సంగతి, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాలలోనే ఇప్పుడు గాలి తేలిక మాటల వైపు వీస్తోంది. అమెరికాలో 2010లో ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ అనే చట్టం చేసి, ప్రభుత్వ శాఖలు ప్రజల కోసం రాసే పత్రాలు చదవగానే అర్థమయ్యేలా ఉండాలన్నారు. ‘యుటిలైజ్’ బదులు ‘యూజ్’, ‘ప్రయర్ టు’ బదులు ‘బిఫోర్’ రాయమని అక్కడి ప్రభుత్వ మార్గదర్శకాలే సూచిస్తాయి. 2023లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్.ఓ. కూడా స్పష్టమైన భాషకు ఒక ప్రమాణం వెలువరించింది. మనం ఇక్కడ కష్టపడి ‘యుటిలైజ్’ నేర్చుకుంటుంటే, దాన్ని చదవవలసినవారు అక్కడ కష్టపడి దాన్ని వదిలించుకుంటున్నారు. కాబట్టి మాటను మార్చే ముందు, కొత్త మాట పాతదాని కన్నా అదనంగా ఏం చెబుతోందని అడగండి. ‘యూజ్’ తీసి ‘యుటిలైజ్’ పెడితే అదనంగా ఏమీ రాదు, వదిలేయండి. ‘టోల్డ్’ తీసి ‘వార్న్డ్’ పెడితే ఒక పెద్ద విషయమే తెలుస్తుంది, మార్చండి.

నాలుగో పని: మాట పక్కన ఏ మాట నిలుస్తుందో చూడండి

బ్రిటన్‌కు చెందిన రోజే అనే వైద్యుడు 1852లో థిసారస్ అనే పర్యాయపదాల కోశం ప్రచురించినప్పటి నుంచి ఇంగ్లీషు రాసేవారికి పర్యాయపదాల కొరత లేదు. ఇప్పుడైతే మౌస్ కుడి మీట నొక్కితే చాలు. పర్యాయపదాల పట్టికలో కనిపించేవి ఇరుగుపొరుగు మాటలు, ఒకదాని బదులు ఒకటి కూర్చోగల మాటలు కావు. చెయ్యి, కరం, హస్తం, పాణి అన్నీ ఒకటేనని చిన్నప్పుడు చదువుకున్నాం. అయినా కరచాలనం అంటాం గాని హస్తచాలనం అనం. డాక్టరుగారి హస్తవాసి మంచిదంటాం గాని కరవాసి అనం. ఇంగ్లీషు మాటలకూ ఇలాంటి జోడీలు ఉంటాయి. డెడ్‌లైన్‌ను ‘మీట్’ అవుతారు, ‘రీచ్’ కారు. అభ్యంతరాన్ని ‘రెయిజ్’ చేస్తారు, ఇష్యూను ‘అడ్రస్’ చేస్తారు, నిర్ణయాన్ని ‘మేక్’ చేస్తారు గాని ‘డూ’ చేయరు, తప్పునూ అంతే.

అందుకని ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసమే తయారుచేసిన నిఘంటువును దగ్గర ఉంచుకోండి. అలాంటివి ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. పుస్తకమే కావాలంటే అవెన్యూ రోడ్డులోనో చర్చ్ స్ట్రీట్‌లోనో పాత పుస్తకాల అంగళ్ళలో వెతకండి. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు అర్థం వరకే చెబుతుంది. ఇది ఉదాహరణ వాక్యాలు, జోడీలు, తర్వాత రావలసిన చిన్న మాట కూడా చూపిస్తుంది. ఆ చిన్న మాట దగ్గరే మనం ఎక్కువగా జారిపోతాం. ‘దీని గురించి చర్చిద్దాం’ అన్న తెలుగు వల్ల ‘డిస్కస్ అబౌట్’ అంటాం. ‘డిస్కస్’కు ‘అబౌట్’ అక్కరలేదు. ‘రిక్వెస్ట్’ను క్రియగా వాడితే ‘ఫర్’ రాదు, నామవాచకంగా వాడితే వస్తుంది. పెద్ద మాట పెట్టి దాని తోక తప్పుగా తగిలిస్తే, చిన్న మాటతో సరిగా రాసిన వాక్యం కన్నా అది ఎక్కువ ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఐదో పని: మన ఆఫీసు ఇంగ్లీషులో ఇక్కడే చెల్లే మాటలను గుర్తుపట్టండి

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మూడు వారాలు కష్టపడి చేసిన ఒక మార్పును నేను అమెరికాలోని క్లయింటుకు పంపుతూ ‘ప్లీజ్ రివర్ట్ ఆన్ దిస్ చేంజ్’ అని రాశాను. చూసి మీ అభిప్రాయం తెలపండి అని నా ఉద్దేశం. మన ఆఫీసుల్లో ‘రివర్ట్’ అంటే జవాబివ్వడమే. ఆ మాటకు బయట ఉన్న అసలు అర్థం వెనకటి స్థితికి తిరిగి వెళ్ళడం. సాఫ్ట్‌వేరులో అయితే చేసిన మార్పును రద్దు చేయడమే, కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ అనే సాధనంలో ఆ పేరుతో ఒక ఆదేశం కూడా ఉంది. మర్నాడు ఉదయం వచ్చి చూసేసరికి నా మార్పు మొత్తం తీసేసి, పాత కోడ్ పెట్టి, ‘డన్’ అని మర్యాదగా జవాబు రాసి ఉన్నారు. అది మళ్ళీ ఎక్కించడానికి రెండు రాత్రులు పట్టింది. అవతలివారు నేను రాసినదే చేశారు. ఆ రోజు నుంచి ‘రివర్ట్’ను ఆ ఒక్క అర్థానికే ఉంచి, జవాబుకు ‘రిప్లై’ లేదా ‘రెస్పాండ్’ అని రాస్తున్నాను.

‘ఐ హ్యావ్ ఎ డౌట్’ కూడా ఇలాంటిదే. మనకు డౌటు అంటే అడగవలసిన ప్రశ్న. వారికి డౌటు అంటే అపనమ్మకం. మీ డిజైను మీద నాకు నమ్మకం కలగడం లేదు అన్నట్టు వినిపిస్తుంది. ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ చాలు, లేదంటే ‘కుడ్ యు క్లారిఫై’ అని మొదలుపెట్టండి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే ఆ ఏడు స్పృహ తప్పి పడిపోయానని అర్థం చేసుకుంటారు, ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. ‘డూ ది నీడ్‌ఫుల్’ అన్నప్పుడు ఆ నీడ్‌ఫుల్ ఏమిటో మీరే రాసేయండి. ‘ప్రీపోన్’ నాకు ఇష్టమైన మాట, నిఘంటువులలోకీ ఎక్కింది, మన దేశంలో నిక్షేపంగా వాడవచ్చు. పరదేశాలవారికి రాసేటప్పుడు మాత్రం కొత్త తేదీ, సమయం రాసేయడం మేలు. ‘మూవ్ ఫార్వర్డ్’ అని రాస్తే కొందరు ముందు రోజుకనీ కొందరు తర్వాతి రోజుకనీ అనుకుంటారు.

ఈ తేడాలు మన దగ్గరే ఉన్నాయనుకోకండి. ఒక అంశాన్ని ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు తేవడం, అమెరికాలో పక్కన పెట్టడం. ‘ఈ.ఓ.డి.’ (ఎండ్ ఆఫ్ డే) అన్నదీ అంతే. బెంగళూరులో సాయంత్రం ఆరైతే వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఉదయం ఐదున్నర, చలికాలంలో నాలుగున్నర. ఎవరి రోజు ముగిసేలోగా అన్నది రాయకపోతే ఎవరికి తోచినట్టు వారు చదువుకుంటారు. ‘ఏ.ఎస్.ఏ.పి.’ (వీలైనంత త్వరగా), ‘ఈ.ఓ.డి.’ రెండింటికీ బదులు గంట, తేదీ, ఏ దేశపు సమయమో రాయండి.

ఆరో పని: వృత్తిలో స్థిరపడిన మాటలను వాటి అర్థంలోనే వాడండి

‘ప్రాబ్లమ్’ మాటను మామూలుగా చూస్తాం గాని, ఐ.టి. సేవల్లో పనిచేసేవారికి దానికొక కచ్చితమైన అర్థం ఉంది. 1980లలో బ్రిటన్ ప్రభుత్వం తయారుచేయించిన ఐటిల్ పద్ధతిలో, సేవ అనుకోకుండా ఆగిపోవడమో నాణ్యత తగ్గడమో ‘ఇన్సిడెంట్’. ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ ఇన్సిడెంట్లకు వెనుక ఉన్న కారణం ‘ప్రాబ్లమ్’. నీళ్ళు రాకపోవడం ఇన్సిడెంటు, పైపు పగలడం ప్రాబ్లమ్ అనుకోండి. ఫిర్యాదులు తీసుకునే సర్వీస్ డెస్కులో ఈ రెండూ తారుమారు చేస్తే టికెట్ వేరే బల్ల మీదికి పోతుంది. అలాగే ‘మిటిగేట్’ అంటే నష్టాన్ని తగ్గించడం, ‘రిజాల్వ్’ అంటే పరిష్కరించడం. పగిలిన పైపు కింద బకెట్ పెట్టి ‘రిజాల్వ్డ్’ అని రాయకూడదు. బకెట్ పెట్టినప్పుడు ‘మిటిగేటెడ్’ అని నిజాయితీగా రాసినవారిని క్లయింటు రెండోసారి కూడా నమ్ముతాడు. ఇంకా రాని ముప్పు ‘రిస్క్’, వచ్చి కూర్చున్నది ‘ఇష్యూ’, మన పనిని అడ్డుకొని నిలబడినది ‘బ్లాకర్’.

‘ఎస్కలేట్’ గురించి ఒక హెచ్చరిక. పై అధికారి దృష్టికి తీసుకువెళ్ళడం అని దాని అర్థం. ఎదుటివారికి రాసే మెయిల్‌లో అది బెదిరింపులా వినబడుతుంది. ముందు ‘ఫ్లాగ్’ చేయండి, తర్వాత ‘ఫాలో అప్’ చేయండి, అప్పటికీ కదలకపోతేనే ఆ మాట తీయండి. ‘యు డిడ్ నాట్ సెండ్’ అని వేలు చూపే బదులు ‘వియ్ ఆర్ యెట్ టు రిసీవ్’ అని రాస్తే విషయం అదే, తగవు ఉండదు.

ఏడో పని: వారానికి ఐదు మాటలు, నోటితో సహా

నోటుపుస్తకంలోని ముప్ఫై వాక్యాలలోంచి వారానికి ఐదింటిని తీసుకొని తిరగరాయండి. ఐదుకు మించి వద్దు. ఆ ఐదు కొత్త మాటలూ ఆ వారంలో నిజమైన మెయిల్‌లోనో రోజువారీ స్టాండప్ మీటింగులోనో తలా మూడుసార్లు వాడాలి. వాడే సందర్భం రాకపోతే ఆ మాట మీ పనికి అక్కరలేదని కొట్టేయండి. 2023 అక్టోబరులో బైయప్పనహళ్ళికీ కె.ఆర్.పురానికీ మధ్య మెట్రో ముక్క తెరుచుకున్నాక, పర్పుల్ లైను మీద వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా బండి మారకుండా వెళ్ళవచ్చు. సిల్క్ బోర్డు దగ్గర బస్సులో చిక్కుకున్నా సరే, ఆ సమయమంతా ఈ సాధనకు పనికొస్తుంది. ఇయర్‌ఫోను పెట్టుకొని నిఘంటువులో ఉచ్చారణ మీట నొక్కి వినండి, పెదవుల కదలికతో అనుకోండి.

ఉచ్చారణ ఎందుకంటే, కళ్ళతో నేర్చుకున్న మాటను మీటింగులో పలకడానికి జంకుతాం, అప్పుడు మళ్ళీ ‘గాట్’ దగ్గరికే పోతాం. తెలుగులో రాసినట్టే పలుకుతాం, అన్ని అక్షరాలనూ సమంగా పలుకుతాం. ఇంగ్లీషులో మాటకు ఒక చోట ఊనిక పడుతుంది. ‘డిటర్మిన్’ అంటారు, ‘డిటర్మైన్’ కాదు. ‘మిటిగేట్’లో మొదటి అక్షరం మీద ఊనిక, ‘ఫసిలిటేట్’లో రెండోదాని మీద. ‘రికార్డ్’ క్రియ అయితే ఊనిక చివర, నామవాచకమైతే ‘రెకర్డ్’ అన్నట్టుగా మొదట. ‘షెడ్యూల్’ అన్నా ‘స్కెజూల్’ అన్నా సరే, మొదటిది బ్రిటన్‌ది, రెండోది అమెరికాది. మన యాసను పోగొట్టుకోవలసిన అవసరం లేదు, ఊనిక సరిగా పడితే రాయలసీమ గొంతుతో పలికినా అందరికీ అర్థమవుతుంది.

ఎనిమిదో పని: రెజ్యూమే

‘వర్క్డ్ ఆన్’, ‘రెస్పాన్సిబుల్ ఫర్’, ‘ఇన్వాల్వ్డ్ ఇన్’ అనే మూడింటినీ రెజ్యూమేలో వెతికి, ప్రతిచోటా ‘నేను సరిగ్గా ఏం చేశాను’ అని తెలుగులో ప్రశ్నించుకోండి. కొత్తది కట్టి ఉంటే ‘బిల్ట్’, నమూనా ఆలోచించి ఉంటే ‘డిజైన్డ్’, పాత చోటు నుంచి కొత్త చోటుకు తరలించి ఉంటే ‘మైగ్రేటెడ్’, చేత్తో చేసే పనిని ప్రోగ్రాముకు అప్పగించి ఉంటే ‘ఆటోమేటెడ్’, కొత్తవారికి నేర్పి ఉంటే ‘ట్రెయిన్డ్’. వీటి పక్కన ఎంత, ఎప్పుడు, ఎన్ని అన్నది ఒక అంకెతో రాయండి. ఆ అంకె మీరు నిరూపించగలిగినదై ఉండాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, మాట మెట్టును అసలు పని కన్నా ఎత్తుగా ఎంచుకోవడం. నలుగురిని నడిపిస్తే ‘లెడ్’, నలుగురి మధ్య పనిని కుదిర్చితే ‘కోఆర్డినేటెడ్’, నలుగురిలో ఒకరిగా చేస్తే ‘కాంట్రిబ్యూటెడ్ టు’. ‘లెడ్’ చూడగానే ఇంటర్వ్యూలో అడిగే మొదటి ప్రశ్న, మీ కింద ఎందరు ఉన్నారని. ‘డిజైన్డ్’ చూస్తే, ఆ డిజైనే ఎందుకు, ఇంకోటి ఎందుకు కాదు అంటారు. అందుకని ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి పీజీలో ఒక స్నేహితుడి చేతికి మీ రెజ్యూమే ఇచ్చి, ప్రతి క్రియ దగ్గరా ఆగి ‘ఎలా?’ అని అడగమనండి. ఏ క్రియ మీద మీరు రెండు నిమిషాలు తడుముకోకుండా మాట్లాడలేకపోయారో దానిని ఒక మెట్టు దించి, ఆ మార్పుతోనే తెల్లారి ప్రింటు తీయించుకోండి.